జెనెసిస్‌ని పాప్ బ్యాండ్ చేసింది ఫిల్ కాలిన్సేనా?

జెనెసిస్ అనే ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ ఫ్యాన్స్ ఇద్దరు ఒకచోట కూర్చుంటే పావుగంటలో మాట ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. ఒకాయన 'సప్పర్స్ రెడీ' ఎత్తుకుంటాడు, 23 నిమిషాల పాట, ఏడు భాగాలు, మధ్యలో 9/8 లో, అంటే తొమ్మిది దెబ్బల తాళంలో, ఆ కీబోర్డ్ సోలో, ఇలాంటిది ఇంకెవడైనా చేశాడా అంటాడు. రెండో ఆయన మెల్లగా, నాకు 1986 నాటి పాప్ హిట్ 'ఇన్విజిబుల్ టచ్' కూడా ఇష్టమే అంటాడు. అంతే, అయిపోయింది. అక్కణ్ణుంచి అమ్ముడుపోయారు, తర్వాత గాయకుడైన డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ నాశనం చేశాడు, మొదటి గాయకుడు పీటర్ గేబ్రియల్ ఉంటే ఇలా జరిగేదా, ఇదే పాట. నలభై ఏళ్ళ నుంచీ ఇదే పాట.

నాకు ఈ గొడవలో చిరాకు తెప్పించేది ఏంటంటే, ఇందులో మూడు నాలుగు వేరే వేరే ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి, ఎప్పుడు మారారు, ఎవరి వల్ల మారారు, డబ్బు కోసం మారారా, మారాక వచ్చిన మ్యూజిక్ బాగుందా లేదా. ఒకదానికి జవాబు చెప్తే మిగతా అన్నిటికీ చెప్పేసినట్టే అనుకుంటారు జనం. కాదు కదా.

తెలియని వాళ్ళ కోసం కథ గబగబా చెప్పేస్తా. 1967 లో ఇంగ్లండ్‌లో చార్టర్‌హౌస్ అనే స్కూల్లో చదువుకునే కుర్రాళ్ళు మొదలెట్టిన బ్యాండ్ ఇది. పాడేది గేబ్రియల్, కీబోర్డ్ టోనీ బ్యాంక్స్, బేస్, గిటార్ మైక్ రూథర్‌ఫోర్డ్. మొదటి గిటారిస్ట్ ఆంథొనీ ఫిలిప్స్ 1970 లో వెళ్ళిపోయాడు, ఆ టైమ్‌లోనే డ్రమ్స్ మీదకి కాలిన్స్ వచ్చాడు, కొద్దిగా తర్వాత గిటార్‌కి స్టీవ్ హ్యాకెట్ వచ్చాడు. ఈ ఐదుగురూ కలిసి 1971 నుంచి 1974 దాకా చేసిన నాలుగు స్టూడియో ఆల్బమ్‌లే పాత ఫ్యాన్స్‌కి వేదం. నక్క తల పెట్టుకుని ఎర్ర గౌన్ వేసుకుని స్టేజ్ మీదకి వచ్చే గేబ్రియల్, ఎవరికీ సరిగ్గా అర్థం కాని కథలు, అదంతా అప్పటిదే. 1975 లో గేబ్రియల్ వెళ్ళిపోయాడు, చాలామందిని ఆడిషన్ చేసి చేసి చివరికి డ్రమ్మర్‌నే మైక్ ముందు నిలబెట్టారు. 1977 లో హ్యాకెట్ కూడా వెళ్ళాడు. మిగిలిన ముగ్గురే 1986 కల్లా ప్రపంచంలో అతిపెద్ద పాప్ బ్యాండ్‌లలో ఒకటయ్యారు.

నేను ఈ బ్యాండ్‌ని వెనక నుంచి ముందుకి విన్నవాణ్ణి, ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటా. మొదట చెవిన పడ్డది 'ల్యాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్', ఆ రబ్బరు బొమ్మల వీడియోతో సహా. 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్ దాకా వెళ్ళడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, వెళ్ళాక మొదటి వారం అసలేం జరుగుతోందో తలా తోకా అర్థం కాలేదు. కాబట్టి నేను ద్రోహం జరిగిందని ఫీలయ్యే అవకాశమే లేదు, నాకు పాప్ జెనెసిస్ ముందు, ప్రోగ్ జెనెసిస్ తర్వాత (ప్రోగ్ అంటే ప్రోగ్రెసివ్ రాక్, పొడుగు పాటలు, చిక్కు తాళాల రాక్). 1973 లో టికెట్ కొనుక్కుని వెళ్ళినవాడి బాధ నాకు పుస్తకంలో చదివిన బాధ లాంటిదే. ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చాం అన్నదాన్ని బట్టే ఇల్లు ఎలా ఉందో చెప్తాం మనం.

సరే, ముందు 'ఎప్పుడు' సంగతి చూద్దాం. కొందరు 1975 అంటారు, కొందరు 1977 అంటారు, హ్యాకెట్ పోయినప్పుడే ఆత్మ పోయిందని. ఇంకొందరు 1981 లో వచ్చిన 'అబకాబ్' అంటారు. కాస్త మెత్తగా ఉండేవాళ్ళు 1986 దాకా పర్లేదంటారు. తమాషా ఏంటంటే ఎవరు గీసిన గీతకైనా అవతల పక్క ఒక పాప్ పాట దొరుకుతుంది. 1976 చివర్లో వచ్చిన 'విండ్ అండ్ వదరింగ్' పక్కా ప్రోగ్ ఆల్బమ్, హ్యాకెట్ ఉన్నాడు, అందులో 'యువర్ ఓన్ స్పెషల్ వే' అని తియ్యటి ప్రేమ పాట ఉంది, రాసింది రూథర్‌ఫోర్డ్. 1977 లో హ్యాకెట్ ఉండగానే ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డం గురించి ఒక తేలికపాటి పాట కూడా రిలీజ్ చేశారు, దాని గురించి పాత ఫ్యాన్స్ ఎందుకో మాట్లాడరు. అంతెందుకు, సాక్షాత్తూ గేబ్రియల్ కాలంలో 'ఐ నో వాట్ ఐ లైక్' సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చి, 1974 లో బ్రిటన్ చార్ట్‌లో 21 దాకా వెళ్ళింది, ఒక్కసారి వింటే రోజంతా నోట్లో ఆడే కోరస్ అది. అంటే ట్యూన్ కట్టడం వీళ్ళకి కొత్తగా వచ్చిన జబ్బేం కాదు.

ఇక 'ఎవరి వల్ల'. ఇక్కడే నాకు కాలిన్స్ మీద జాలేస్తుంది.

మామూలుగా చెప్పుకునే కథ ప్రకారం కాలిన్స్ ఒక పాప్ మనిషి, మిగతా ఇద్దరూ పాపం కళాకారులు, 1981 లో అతని సోలో ఆల్బమ్ 'ఫేస్ వాల్యూ' సూపర్ హిట్ అవగానే బ్యాండ్‌ని కూడా అటు లాక్కుపోయాడు. వినడానికి బాగుంది, కానీ రికార్డులు తిరగేస్తే నిలబడదు. ఆ ఐదుగురిలో జాజ్ వైపు ఎక్కువ మొగ్గింది కాలిన్సే, 70ల్లో ఖాళీ దొరికితే బ్రాండ్ ఎక్స్ అనే జాజ్ ఫ్యూజన్ బ్యాండ్‌లో వాయించేవాడు, అందులో పాడేది తక్కువ, బేసి తాళాలు ఎక్కువ. జెనెసిస్‌ని మొదటిసారి బ్రిటన్ సింగిల్స్ టాప్ 10 లోకి తీసుకెళ్ళిన 'ఫాలో యూ ఫాలో మీ' 1978 లో వచ్చింది, కాలిన్స్ సోలోకి మూడేళ్ళ ముందు, ట్యూన్ ముగ్గురిదీ, మాటలు రూథర్‌ఫోర్డ్‌వి. అదే రూథర్‌ఫోర్డ్ 1985 లో మైక్ అండ్ ద మెకానిక్స్ పెట్టి రేడియోకి కొలతలు తీసి కుట్టినట్టుండే పాటలు చేశాడు, అందులో ఒకటి 1989 లో అమెరికాలో నంబర్ 1 అయింది. మరి ఆయన్ని ఎవరూ తిట్టరేం? ముఖం ఎవరిదైతే కనిపిస్తుందో తిట్లు వాళ్ళకే పడతాయి, పైగా 80ల్లో కాలిన్స్ ముఖం ఎటు తిరిగినా కనపడేది, అది మాత్రం కాదనలేం.

గేబ్రియల్ ఉండుంటే అనే వాదన ఇంకా విచిత్రం. 1986 జులైలో 'ఇన్విజిబుల్ టచ్' పాట అమెరికాలో నంబర్ 1 అయింది, వీళ్ళకి అక్కడ అదొక్కటే నంబర్ 1. వెంటనే తర్వాతి వారం దాన్ని కిందకి దింపి ఆ కుర్చీలో కూర్చున్న పాట ఏదో తెలుసా, 'స్లెడ్జ్‌హామర్'. పాడింది పీటర్ గేబ్రియల్. ట్రంపెట్లు, సాక్సోఫోన్లు, కాళ్ళు ఆగనివ్వని బీట్, అన్నీ ఉన్న డ్యాన్స్ పాట. ఆయన చేస్తే ఎదుగుదల, వీళ్ళు చేస్తే దిగజారుడు, ఈ లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. గేబ్రియల్ ఆల్బమ్ మొత్తం మీద మెరుగ్గా ఉంటుందంటే సరే, ఒప్పుకుంటా, అది వేరే మాట.

ఇంకో ముచ్చట చెప్తా, ఇది వింటే ఈ కళ, కమర్షియల్ గీత ఎంత పల్చటిదో తెలుస్తుంది. 80ల పాప్ అనగానే చెవిలో మోగే ఆ డ్రమ్ సౌండ్ ఉంది కదా, పిడుగు పడ్డట్టు పెద్దగా మోగి, గుంయ్‌మని సాగాల్సింది టక్కున కత్తిరించినట్టు ఆగిపోతుంది, గేటెడ్ రివర్బ్ అంటారు. కాలిన్స్ ట్రేడ్‌మార్క్ అది. కానీ అది పుట్టింది గేబ్రియల్ సోలో ఆల్బమ్‌లో, 1980 లో వచ్చిన మూడోదాంట్లో, మొట్టమొదటి పాట 'ఇంట్రూడర్'. లండన్‌లో టౌన్‌హౌస్ స్టూడియో, నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజనీర్ హ్యూ ప్యాడ్గమ్. గదిలో వాయించేవాళ్ళు చెప్పే మాట కంట్రోల్ రూమ్‌లో వినపడ్డానికని పైన ఒక మైక్ వేలాడుతూ ఉంటుంది, దూరం నుంచి మాట్లాడినా వినపడాలి కాబట్టి దానికి చిన్న శబ్దాల్నీ పెద్దవి చేసే గట్టి కంప్రెసర్ తగిలించి ఉంటుంది. కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుండగా ఆ మైక్ ఆన్ అయింది, స్పీకర్లలోంచి రాక్షసుడు బయటికొచ్చాడు. దానికి శబ్దం కాస్త తగ్గగానే కోసేసే గేట్ తోడయ్యేసరికి మోత మొదలైనంత ఠక్కున ఆగిపోవడం కూడా వచ్చింది. గేబ్రియల్‌కి అది తెగ నచ్చేసింది, కాలిన్స్‌తో అదే పాటర్న్ నిమిషాల తరబడి వాయించమన్నాడు, తాళాలు మాత్రం ముట్టుకోవద్దన్నాడు, అవే, ఆ ఇత్తడి సింబల్స్. ఒక దొంగ అర్ధరాత్రి ఇంట్లో దూరే పాట అది, భయం పుట్టించే పాట, రేడియోకి పనికొచ్చేదే కాదు. ఆ శబ్దమే ఇంకో ఏడాదికి 'ఇన్ ది ఎయిర్ టునైట్'లో, తర్వాత అదే ప్యాడ్గమ్ చేతుల మీదుగా జెనెసిస్ ఆల్బమ్‌లలో, ఆ తర్వాత ఊరందరి పాటల్లో. అంటే కమర్షియల్ జెనెసిస్‌కి గుర్తుగా చెప్పే శబ్దం పుట్టిల్లు గేబ్రియల్ ఇల్లు.

మరి నిజంగా మారింది ఏంటి? ఏదో మారింది, అది చెవులున్న ఎవడికైనా తెలుస్తుంది, నేనేం కాదనట్లేదు. నా ఉద్దేశం ఏంటంటే మారింది మనుషులు కాదు, పాట కట్టే పద్ధతి.

మొదట్లో ఎలా ఉండేదంటే ఎవరో ఒకరు ఇంటి దగ్గర పియానో ముందో పన్నెండు తీగల గిటార్‌తోనో కూర్చుని ముక్కలు కట్టుకొచ్చేవాళ్ళు, ముఖ్యంగా బ్యాంక్స్, 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' మొదట్లో ఆ పియానో భాగం లాంటివి. ఆ ముక్కల్ని రిహార్సల్ రూమ్‌లో పక్కపక్కన పెట్టి కుట్టేవాళ్ళు. మొదట్లో పేర్లు విడిగా వేసుకోలేదు గానీ పని చాలావరకు అలాగే జరిగేది. ఒంటరిగా పియానో దగ్గర కూర్చున్నవాడికి తొందర ఉండదు, ప్రతి రెండు బార్లకీ, అంటే తాళం రెండు చుట్లకీ, శ్రుతి మార్చొచ్చు, పదో నిమిషంలో మొదటి ట్యూన్ తిరిగి తేవచ్చు, అదంతా బుర్రలో, కాగితం మీద జరిగే పని.

ఇప్పుడు 80ల్లో క్రెడిట్స్ చూడండి. 1980 లో 'డ్యూక్'. అందులో తలా రెండేసి సొంత పాటలు తెచ్చారు, బ్యాంక్స్‌ది ఇంకో చిన్న ముక్క అదనం, మిగతావి ముగ్గురూ గదిలో కలిసి కట్టినవి. 1981 లో 'అబకాబ్', ఈసారి తలా ఒక్కటే. 1983 లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌లో సొంత పాట ఒక్కటి కూడా లేదు, అన్నిటికీ ముగ్గురి పేర్లు. రెండు, ఒకటి, సున్నా. కథ మొత్తం ఈ మూడు అంకెల్లో ఉంది. సర్రీలో చిడింగ్‌ఫోల్డ్ దగ్గర ఒక ఫామ్ కొనుక్కుని స్టూడియోగా మార్చుకున్నారు, గంటకింత అని అద్దె కట్టే గొడవ లేదు, ఏమీ రాసుకోకుండా ఖాళీ చేతుల్తో వెళ్ళి డ్రమ్ మెషీన్ ఆన్ చేసి, బ్యాంక్స్ ఒక కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) పట్టుకుంటే, రూథర్‌ఫోర్డ్ ఒక రిఫ్ (మళ్ళీ మళ్ళీ తిరిగే చిన్న ముక్క) అందుకుంటే, కాలిన్స్ నోటికి ఏ కూత వస్తే అది కూస్తూ ట్యూన్ వెతుక్కోవడం. 'ఇన్విజిబుల్ టచ్' అలా రిఫ్ వింటూ నోట్లోంచి ఊడిపడ్డ మాటే.

ఇలా పనిచేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మెషీన్ అదే పాటర్న్ తిప్పుతూ ఉంటుంది, కాబట్టి పాట గ్రూవ్ మీద, అంటే తిరిగే ఆ లయ మీద నిలబడుతుంది. ముగ్గురూ ఒకేసారి వాయిస్తున్నారు కాబట్టి మూడు కార్డులకి మించి దూరం పోలేరు, పోతే పక్కవాడు తప్పిపోతాడు. పాడేవాడు అక్కడికక్కడే కడుతున్నాడు కాబట్టి ట్యూన్ నోటికి పట్టేలా చిన్నదిగా వస్తుంది. రికార్డ్ కంపెనీ వాడు వచ్చి పాప్ చెయ్యండి అని చెప్పక్కర్లేదు, ఆ పద్ధతే అటు తోసుకుపోతుంది. 'అబకాబ్' అప్పుడు పాత జెనెసిస్‌లా వినిపించిన ముక్కల్ని కావాలనే పక్కన పడేశారు కూడా, భయపడి కాదు, బోరు కొట్టి. విడ్డూరం చూడండి, ఫ్యాన్స్ బ్యాండ్ చచ్చిపోయింది అనే కాలంలోనే వీళ్ళు నూటికి నూరు శాతం బ్యాండ్‌గా పాటలు కట్టారు.

ఆ పద్ధతి నుంచి ప్రోగ్ పూర్తిగా పోయిందా అంటే అదీ కాదు. 'డ్యూక్'లోని 'టర్న్ ఇట్ ఆన్ అగెయిన్' తీసుకోండి, బ్రిటన్‌లో 8వ స్థానం దాకా వెళ్ళిన హిట్. పాట పెట్టుకుని తొడ మీద తాళం వెయ్యండి, నాలుగు నాలుగుగా మొదలెట్టండి. మూడు సార్లు నాలుగు బానే వస్తుంది, తర్వాత ఒక్క దెబ్బ మిగిలిపోతుంది, మీ చెయ్యి ఒకచోట, పాట ఇంకోచోట. పదమూడు దెబ్బల రిఫ్ అది. నేను చాలా ఏళ్ళు అది మామూలు రాక్ పాట అనుకునే విన్నా, లెక్కపెట్టాకే తెలిసింది. రూథర్‌ఫోర్డ్ రిఫ్‌ని విని ఇది పదమూడు తెలుసా అని చెప్పింది కాలిన్సేనట, అదే ఆ 'పాప్ మనిషి'. 1973 లో అయితే ఈ బేసి లెక్కని అందరికీ కనపడేలా ముందు పెట్టేవాళ్ళు, ఇక్కడ దాన్ని కార్పెట్ కింద పరిచి పైన హాయిగా నడవమన్నారు. ఏది కష్టం అంటే నేనైతే రెండోదే అంటా.

అలాగే 'డ్యూక్'లో ముందు అరగంట దాకా సాగే ఒకే పాట ఉండేది, మళ్ళీ 'సప్పర్స్ రెడీ'తో పోలుస్తారని దాన్ని విరగ్గొట్టి ఆల్బమ్ అంతా చల్లేశారు. వరసగా పెట్టుకుని వింటే ఇప్పటికీ అతుకులు కలుస్తాయి, ఒకసారి చేసి చూడండి.

1986 ఆల్బమ్ 'ఇన్విజిబుల్ టచ్' సంగతికొస్తే, అందులోంచి ఐదు సింగిల్స్ అమెరికాలో టాప్ 5 లోకి వెళ్ళాయి, అప్పటిదాకా ఒక్క ఆల్బమ్ నుంచి ఏ బ్యాండ్‌కీ అలా జరగలేదు. అందులో 'టునైట్ టునైట్ టునైట్' ఆల్బమ్‌లో తొమ్మిది నిమిషాలకి దగ్గర్లో ఉంటుంది, చీకటిగా, మధ్యలో పొడుగాటి వాయిద్య భాగంతో. రేడియోకి ఇచ్చినప్పుడు ఆ మధ్య భాగం తీసేసి దాదాపు సగానికి సగం చేశారు. అంటే కమర్షియల్ కత్తెర పడ్డది నిజమే, పడింది పాట కట్టేటప్పుడు కాదు, అమ్మేటప్పుడు. రేడియో వెర్షన్ మాత్రమే విన్నవాడికి ఇది ఇంకో పాప్ బ్యాండ్, ఆల్బమ్ తిప్పి 'డొమినో' దాకా వెళ్ళినవాడికి పది నిమిషాలు దాటిన రెండు భాగాల యుద్ధం పాట దొరుకుతుంది. ఇద్దరూ ఒకే ఆల్బమ్ గురించి వాదించుకుంటున్నాం అనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా.

డబ్బు అసలు లెక్కలోనే లేదు అని మాత్రం అనను, అంత అమాయకుణ్ణి కాదు. 1974-75 లో డబుల్ ఆల్బమ్ కథ మొత్తాన్ని స్టేజ్ మీద ఆడుకుంటూ నెలల తరబడి తిరిగి చివరికి అప్పులతో తేలిన బ్యాండ్ ఇది, ఇల్లు గడవడం అంటే ఏంటో తెలుసు. 1987 జులైలో వెంబ్లీ స్టేడియం నాలుగు రాత్రులు నింపినవాళ్ళు డబ్బంటే గిట్టనివాళ్ళు కాదు. కాకపోతే డబ్బు వచ్చింది కాబట్టి డబ్బు కోసమే చేశారు అనడం, వాన పడింది కాబట్టి గొడుగు పట్టుకున్నవాడే కురిపించాడు అన్నట్టుంటుంది.

పాత ఫ్యాన్స్ చెప్పేదాంట్లో నిజం లేదా అంటే ఉంది, చాలా ఉంది. పోయినవి పోయాయి. ముగ్గురు కూర్చుని పన్నెండు తీగల గిటార్లు అల్లుకుంటూ పోయే ఆ శబ్దం, వాన చినుకుల్లా ఉండేది, 80ల్లో అది లేదు. హ్యాకెట్ ఒక్క నోట్‌ని సాగదీసి సాగదీసి ఏడిపించడం, రూథర్‌ఫోర్డ్ ఎంత మంచి రిఫ్ మనిషైనా అది రాదు. మాటలు కూడా బాగా పల్చబడ్డాయి. 1983 ఆల్బమ్‌లో 'ఇల్లీగల్ ఏలియన్' అని ఒకటుంది, మెక్సికన్ యాసని వెక్కిరిస్తూ పాడేది, దాన్ని నేను ఏ రకంగానూ వెనకేసుకు రాలేను, ఎప్పుడొచ్చినా దాటించేస్తా. అదే ఆల్బమ్‌లో 'మామా' ఉంది చూడండి, డ్రమ్ మెషీన్ ఒక్కటే టకటకలాడుతూ, కాలిన్స్ ఆ భయంకరమైన నవ్వు, ఒక ర్యాప్ పాటలో విన్న నవ్వు నుంచి పట్టుకొచ్చాడు దాన్ని. రెండూ ఒకే పద్ధతిలో, ఒకే గదిలో, ఒకే ఏడాది పుట్టినవే. కాబట్టి పద్ధతిని తిట్టి లాభం లేదు, పాటని పట్టుకుని తిట్టండి, నేనూ కలుస్తా.

మధ్యలో యెస్ అనే ఇంకో ప్రోగ్ బ్యాండ్‌ని తెచ్చి పోలుస్తారు చాలామంది, అది వేరే కేసు. 1983 లో వాళ్ళ '90125' అసలు యెస్ పేరుతో మొదలవ్వలేదు, సినిమా అనే కొత్త బ్యాండ్‌గా మొదలైంది, ట్రెవర్ రేబిన్ అనే కొత్త మనిషి పాటలతో వచ్చాడు, పాత గాయకుడు చివర్లో చేరాకే పాత పేరు తిరిగొచ్చింది. అక్కడ కొత్తవాడు వచ్చి మార్చాడు అంటే సరిపోతుంది. జెనెసిస్‌లో కొత్తవాడు ఎవడూ రాలేదు, ఉన్నవాళ్ళే తగ్గుతూ వచ్చారు.

కాలిన్సే కారణం అనే వాదనకి ఒక పరీక్ష కూడా జరిగిపోయింది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 1996 లో కాలిన్స్ వెళ్ళిపోయాడు. బ్యాంక్స్, రూథర్‌ఫోర్డ్ కలిసి రే విల్సన్ అనే గాయకుణ్ణి తెచ్చుకుని 1997 లో 'కాలింగ్ ఆల్ స్టేషన్స్' చేశారు, మబ్బు పట్టినట్టుండే బరువైన ఆల్బమ్, పొడుగు పాటలున్నాయి. పాప్ మనిషి పోయాడు కాబట్టి ప్రోగ్ ఫ్యాన్స్ పరిగెత్తుకు రావాలి కదా, రాలేదు. పాప్ ఫ్యాన్స్ కూడా రాలేదు. బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్ళింది గానీ అమెరికాలో ఎవరూ పట్టించుకోక అక్కడి టూర్ రద్దు చేసుకున్నారు. పాపం రే విల్సన్ గొంతు చాలా బాగుంటుంది, ఆ ఆల్బమ్‌లో అతనికి ఇచ్చిన పాటలకే ఊపు లేదు.

చివరికి బ్యాండ్ తనంతట తాను ఈ గొడవని ఎలా చూసిందో తెలుసుకోవాలంటే 2021-22 ఆఖరి టూర్‌లో పాటల వరస చూడాలి. కాలిన్స్ అప్పటికి డ్రమ్స్ వాయించలేడు, కుర్చీలో కూర్చునే పాడాడు, వెనకాల డ్రమ్స్ మీద కొడుకు నిక్. షో మొదలయ్యేది 'డ్యూక్' ముక్కలతో, వెంటనే ఆ పదమూడు దెబ్బల పాట. మధ్యలో 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' కొంచెం, 'సినిమా షో' కొంచెం, 'డొమినో' పూర్తిగా. 2022 మార్చి 26న లండన్‌లో ఆఖరి షో, జనంలో పీటర్ గేబ్రియల్ కూడా ఉన్నాడు. చివర్లో 'ఐ కాంట్ డ్యాన్స్' పాడారు, ఫ్యాన్స్ అందరికంటే ఎక్కువ తిట్టే పాటల్లో ఒకటి, అది అయ్యాక 1973 నాటి 'డ్యాన్సింగ్ విత్ ద మూన్‌లిట్ నైట్' మొదటి చరణం, అందులోంచి అలాగే 'కార్పెట్ క్రాలర్స్'లోకి. గేబ్రియల్ కాలం నాటి పాట, పాడేది కాలిన్స్, వింటున్నది గేబ్రియల్.